అరకప్పు బాకీ

నగరంలో ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా బతికే పడుచువాడికి దినదినం దొరికే సుఖాలు చాలావరకు లెక్కకు రానివి. ఉదయపు రైలులో కిటికీ పక్క చోటు దొరకడం ఒక సుఖం. దొరకకపోతే తలుపు దగ్గర నిలబడి గాలి పీల్చడం అంతకంటె పెద్ద సుఖం. సాయంత్రం గది తాళం తీసేసరికి ఎదురింటి వంటింట్లోంచి పోపు వాసన రావడం, ఆదివారంనాడు అలవాటు కొద్దీ వేకువనే మెలకువ వచ్చి, ఇవాళ ఆదివారం గదా అని గుర్తుకు రాగానే మళ్లీ దుప్పటి ముసుగు పెట్టుకోవడం, తొలివాన కురిసిన రోజున కార్యాలయమంతా పని మాని అద్దాల దగ్గరకు చేరడం - ఇవేవీ ఇంటికి ఫోను చేసినప్పుడు తల్లిదండ్రులకు చెప్పుకునే విశేషాలు కావు. అయినా వీటిలో ఒకటి రెండు లేకుండా గడిచిన రోజున మనిషికి ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

హైదరాబాదు విద్యానగర్‌లో మేడమీది గదిలో అద్దెకు ఉండే ముప్పై దాటీ దాటని యువకుడొకడికి ఇలాంటి సుఖాలలో మరొక విచిత్రమైనది ఉంది. అతడు పనిచేసేది హైటెక్ సిటీలో. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన తర్వాత రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు మొలుచుకొచ్చిన ప్రాంతమది. 2003 ఆగస్టులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. రైలు అతడిని అక్కడికి చేరుస్తుంది. విద్యానగర్ దాటితే జామై ఉస్మానియా వస్తుంది. దాని వెంటనే వచ్చే స్టేషను పేరు ‘ఆర్ట్స్ కాలేజి’. ఊరి పేరు కాదు, పేట పేరు కాదు, ఒక కళాశాల పేరునే స్టేషనుకు పెట్టారు. అతడు ఎం.ఏ. ఆర్థికశాస్త్రం చదివింది ఆ కళాశాలలోనే.

కనుక ప్రతి పనిదినాన అతడి విద్యార్థి జీవితం రైలు కిటికీ ముందుకు వచ్చి అర నిమిషం నిలబడి వెళ్లిపోతుంది. మెట్రో రైలు 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోలు వరకు ప్రారంభమై, 2019 మార్చిలో హైటెక్ సిటీకి కూడా చేరింది. చల్లగా ఉంటుంది, చెప్పిన వేళకు వస్తుంది, అందులో రావచ్చు గదా అని తోటి ఉద్యోగులు ఎన్నోసార్లు అన్నారు. అతడు నవ్వి ఊరుకుంటాడు. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆగిన ఈ రైళ్లు మళ్లీ పట్టాలెక్కింది 2021 జూన్‌లో. ఆ పదిహేను నెలల్లో తనకు తక్కువైనది ఏమిటో అతడికి మొదట తెలియలేదు. మళ్లీ రైలెక్కి, ఆ పేరున్న పలక కనిపించినప్పుడు తెలిసింది.

ఆర్ట్స్ కాలేజి భవనం గురించి చెప్పడం మొదలుపెడితే తెమలదు. విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించడానికి పూనుకొన్న విశ్వవిద్యాలయమది. ఉర్దూలో పాఠ్యపుస్తకాలు లేవు గనుక, వాటిని తయారుచేయడానికి అంతకు ముందటి ఏడే అనువాద సంస్థ నొకదాన్ని నెలకొల్పారు. పుస్తకాలు ముందు, భవనాలు తర్వాత అన్నమాట. అద్దె ఇళ్లలో తరగతులు నడిచాక, బెల్జియం దేశపు శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో గులాబి చాయ రాతితో కట్టిన ఆర్ట్స్ కాలేజి 1939 డిసెంబరులో ప్రారంభమయింది. అంతకు ఏడాది ముందు, 1938లో, వందేమాతరం పాడినందుకు ఇక్కడి నుంచి బహిష్కృతులైన విద్యార్థులు నాగపూరు వెళ్లి చదువుకున్నారు. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. సి. నారాయణరెడ్డి ఈ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో పట్టభద్రుడై, తర్వాత తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వం మీద ఇక్కడే పరిశోధన చేశారు. 1969లోనూ, 2009లోనూ ప్రత్యేక తెలంగాణ ఉద్యమాలకు ఇది కేంద్రస్థానమయింది.

ఇంత చరిత్ర ఉన్న చోట చదివిన యువకుడికి రైలు ఆగిన అర నిమిషంలో గుర్తుకు వచ్చేది మాత్రం అరకప్పు చాయ్.

ఇరానీ హోటలు గురించి ఎరుగని పాఠకులకు రెండు మాటలు. పందొమ్మిదో శతాబ్ది చివరా, ఇరవయ్యో శతాబ్ది మొదటా ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి వచ్చినవారు బొంబాయిలోనూ, పూనాలోనూ, హైదరాబాదులోనూ పెట్టిన ఫలహారశాలలివి. వీధి మలుపున రెండు వైపులా తెరిచి ఉండే గది, పాలరాతి పలకల బల్లలు, చెక్క కుర్చీలు, గోడకు పెద్ద అద్దాలు, ద్వారం పక్కన గల్లాపెట్టె ముందు సేటు. ఒక పాత్రలో నీళ్లు, తేయాకు పొడి వేసి, మూత అంచులు బిగించి సన్నని సెగ మీద దమ్ పెడతారు. మరొక పాత్రలో పాలు చిక్కబడేదాకా కాగుతూనే ఉంటాయి. కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు. వాస్తవానికి ఇరాన్‌లో చాయ్‌లో పాలు కలిపే అలవాటే లేదు. అక్కడివారు నల్లటి చాయ్‌ని చక్కెర బిళ్ళతో సేవిస్తారు. ‘ఇరానీ చాయ్’ అనేది పేరుకే ఇరానీ. దాని పుట్టుకా, పెంపకమూ ఈ దేశంలోనివే.

ఆ హోటళ్లలో మరొక మర్యాద ఉండేది. ఒక్క చాయ్ అడిగి రెండు కప్పులు తెమ్మంటే బేరా ముఖం చిట్లించేవాడు కాదు. ‘వన్ బై టూ’ అంటే చాలు. పూర్తి కప్పుకు కొంచెం తక్కువ, అరకప్పుకు కొంచెం ఎక్కువ అయిన రెండు కప్పులు వచ్చేవి. ఆ కొంచెం ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చేదో అర్థశాస్త్ర విద్యార్థులు కూడా తేల్చలేకపోయారు.

వారు నలుగురు. వరంగల్లు పల్లె నుంచి వచ్చిన ఇతడు, ఆదిలాబాదు మిత్రుడు, శ్రీకాకుళం నుంచి వచ్చి బంధువుల ఇంట ఉండే మరొకడు, బర్కత్‌పురాలో పుట్టి పెరిగి నగరమంతా తన పెరడు అన్నట్టు తిరిగే ఒక అమ్మాయి. తరగతులు ముగిశాక నలుగురూ వెళ్లి రెండు చాయ్‌లు, నాలుగు కప్పులు చెప్పేవారు. జేబు బాగున్న రోజున ఉస్మానియా బిస్కట్లు కూడా. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కటు ముక్కను చాయ్‌లో ఎంతసేపు ముంచితే విరగకుండా నోటికి చేరుతుందన్నది వారి మధ్య రెండేళ్లపాటు తేలని వివాదం. లేచి వెళ్లేటప్పుడు, ఎంతయిందో బేరా దూరం నుంచే సేటుకు వినపడేలా కేక వేసేవాడు. చీటీ లేదు, పద్దు లేదు. గల్లా దగ్గర ఆ రోజు ఎవరి జేబులో డబ్బులుంటే వారిచ్చేవారు.

“రేపు నీ వంతు” అనేవాడు ఇచ్చినవాడు.

రేపు వచ్చేది, వంతు మాత్రం సరిగా వచ్చేది కాదు. ఒకనాడు బస్సు చిల్లర తక్కువై ఒకరి దగ్గర ఐదు రూపాయలు పుచ్చుకోవడం, ఆ ఐదు తీర్చే రోజున అవతలివాడికి నోట్సు జిరాక్సుకు పది కావలసి రావడం, ఆ పదిలో మూడు సమోసాగా మారిపోవడం - ఇలా ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది ఏనాడూ సున్నాకు రాలేదు. బర్కత్‌పురా అమ్మాయి ఒకసారి పట్టుదలగా నోట్‌బుక్కు చివరి పేజీలో నాలుగు గడులు గీసి లెక్క రాసింది. పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజున ఆ పుస్తకాన్నే ఎవరో అరువు తీసుకుని మరచిపోయారు.

ఇలాంటి లెక్కలేనితనం హైదరాబాదు విద్యార్థుల సొత్తేమీ కాదు. కలకత్తా కాలేజి స్ట్రీటులోని కాఫీ హౌసులో ఒక్క కప్పు ముందు పెట్టుకుని పూట గడిపిన తరాలు ఎన్నో. ఆ కబుర్ల కొలువును వంగవాసులు ‘అడ్డా’ అంటారు. (హైదరాబాదులో ఆ మాటకు అర్థం వేరు. పొద్దున్నే కూలిపని కోసం మనుషులు నిలబడే కూడలి ఇక్కడ అడ్డా. ఒకే మాట ఒకచోట తీరికకూ, మరొకచోట పని కోసం ఎదురుచూపుకూ పేరయింది.) కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయ నిశ్చయించినప్పుడు, 1957 నుంచి ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో పనివారే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నడపసాగారు. ఒక్క కప్పుతో గంటలు కూర్చునే గిరాకీని సహించే హోటలు లాభాల కోసం పెట్టిన హోటలు కాజాలదు గదా!

పల్లెటూళ్లలో ఇది మరీ పాత సంగతి. తెలుగులో అప్పు వేరు, చేబదులు వేరు, ఉద్దెర వేరు. పొరుగింటి నుంచి తెచ్చుకున్న గిన్నెడు బియ్యం తిరిగి ఇచ్చేటప్పుడు కొలిచినట్టుగా సమంగా ఇవ్వరు. కాస్త తలగట్టి ఇస్తారు. పెండ్లిలో చదివింపులు రాసే పుస్తకం ప్రతి ఇంటా ఉంటుంది. నూటపదహార్లు చదివించినవారి ఇంట పెండ్లి జరిగితే నూటపదహార్లే ఇచ్చి చేతులు దులుపుకుంటే అది లెక్కలో తప్పు కాదు, మర్యాదలో తప్పు. కొంచెం ఎక్కువ పెడతారు. దానితో బాకీ అటు తిరుగుతుంది. మళ్లీ వారు రావలసి ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకలను గురించి ప్రసిద్ధ గ్రంథం రాసి, ఇచ్చిపుచ్చుకోవడంలో తిరిగి ఇచ్చే బాధ్యత మనుషులను ఎలా కట్టి ఉంచుతుందో వివరించాడు. మన చదివింపుల పుస్తకం చూసి ఉంటే ఆయనకు కొంత శ్రమ తగ్గేది.

నగరం అపరిచితులను కూడా ఈ ముడిలో కట్టగలదు. ఆర్.టి.సి. బస్సులో చిల్లర లేని కండక్టరు ఇద్దరు ప్రయాణికులకు కలిపి ఒకే నోటు ఇచ్చి, “మీరిద్దరూ దిగి పంచుకోండి” అనడం తెలుగువారిలో ఎరుగనివారుండరు. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు మనుషులు ఒక స్టాపులో కలిసి దిగి, చిల్లర కోసం పాన్ దుకాణం దాకా నడిచి, ఆ నాలుగడుగుల్లో ఊరూ పేరూ చెప్పుకోవడం ఈ నోటు చలవే. ఆదిలాబాదు మిత్రుడు ఇతడికి పరిచయమైంది అలాగే. విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి వారం, ఒక ఇరవై రూపాయల నోటు ఇద్దరికీ ఉమ్మడిగా దక్కింది. చిల్లర దొరకలేదు. ఎండ తీవ్రంగా ఉంది. నోటు ఇరానీ హోటలుకు చేరింది.

ఆదివారాలు ఆ ఇద్దరివీ ఆబిడ్స్‌లో గడిచేవి. నిజాము కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరు ఆ వీధికి నిలిచిపోయింది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందరి కాలిబాట మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. కొనడం తక్కువ, చదవడం ఎక్కువ. నిలబడి ఇరవై పేజీలు చదివి, గుర్తు పెట్టుకుని, మరుసటి ఆదివారం తక్కిన పేజీలు చదివినవారున్నారు. పాత పుస్తకంలో పాత యజమాని సంతకం, తేదీ, అంచున గీసిన గీత, ఎండిన వేపాకు దొరికితే అది పుస్తకం ధరలో చేరని లాభం. ఎక్కువ బేరమాడే పని ఆదిలాబాదు మిత్రుడిదే. బేరమాడటంలో అతడు నేర్పరి. అలా నేర్పరి కావలసిన అవసరం అతడికి తక్కిన ముగ్గురికంటె ఎక్కువ అన్న సంగతి వారికి చాలా ఆలస్యంగా తెలిసింది.

2014లో, చివరి సెమిస్టరు పరీక్షల ఫీజు కట్టవలసిన గడువు దాటింది. ఆదిలాబాదు మిత్రుడు కట్టలేదు. ఉపకారవేతనం రాలేదు. ఊళ్లో తండ్రి చేసిన పత్తి సేద్యం ఆ ఏడు కలిసి రాలేదు. అతడు ఎవరితోనూ చెప్పకుండా హాస్టలులో పెట్టె సర్దుకున్నాడు. సంగతి బయటపడింది చాయ్ దగ్గరే. వరుసగా మూడు రోజులు “కడుపు బాగాలేదు” అని అతడు హోటలుకు రాకపోతే, బర్కత్‌పురా అమ్మాయికి అనుమానం వచ్చింది. ఇరానీ చాయ్ కడుపు బాగాలేనప్పుడు మానేది కాదు, బాగుపడటానికి తాగేది అని ఆమె సిద్ధాంతం.

ముగ్గురూ కలిసి రెండు వేల రెండు వందలు పోగుచేశారు. అమ్మాయి తన పుట్టినరోజుకు మేనమామ ఇచ్చిన డబ్బు ఇచ్చింది. శ్రీకాకుళం యువకుడు ఊరికి వెళ్లడం మానుకున్నాడు. ఇతడు మెస్సుకు కట్టవలసిన తొమ్మిది వందలు ఇచ్చి, నెలంతా రాత్రిపూట అరటిపండ్లతోనూ, మిర్చిబజ్జీలతోనూ సరిపెట్టుకున్నాడు. ఆలస్య రుసుముతో సహా ఫీజు కట్టారు. పరీక్షలు అయ్యాయి. ఆ సాయంత్రం రెండు చాయ్‌లకు బదులు నాలుగు పూర్తి కప్పులు తెప్పించారు. తర్వాత ఎవరి దారిన వారు వెళ్లారు. అమ్మాయికి బెంగుళూరులో ఉద్యోగం, వివాహం. శ్రీకాకుళం యువకుడు అమెరికాలో డల్లాసు చేరాడు. ఆదిలాబాదు మిత్రుడు పోటీ పరీక్షలు రాసి రాసి, చివరకు ఆసిఫాబాదు వైపు ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. ఇతడు హైటెక్ సిటీకి.

రైలు కిటికీలోంచి చూసే యువకుడికి ఆ ఫీజు కథ ఎంత తీపిగా ఉండేదో చెప్పలేము. కొత్తగా పరిచయమైనవారికి కళాశాల ముచ్చట్లు చెప్పే సందర్భం వస్తే మొదట ఆ కథే చెప్పేవాడు. అరటిపండ్ల సంగతి చెప్పినప్పుడు వినేవారు నవ్వేవారు. “అలాంటి స్నేహాలు ఇప్పుడెక్కడున్నాయి” అని ఒకరో ఇద్దరో నిట్టూర్చేవారు.

ఆ నిట్టూర్పులో కొంత న్యాయం లేకపోలేదు. 2016లో యు.పి.ఐ. విధానం వచ్చింది. ఆ ఏడు నవంబరు 8న ఐదు వందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయి జనం కొత్త దారులు వెతుక్కున్నారు. కూరగాయల బండి దగ్గర కూడా గళ్ల బొమ్మ అట్ట వేలాడసాగింది. ఇప్పుడు హైటెక్ సిటీ భోజనశాలలో నలుగురు ఉద్యోగులు తిని లేస్తే, చేతులు కడుక్కునేలోగా ఎవరి వాటా వారు పైసలతో సహా పంపేస్తారు. ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. మరునాడు కలిసి తినవలసిన అవసరమూ ఉండదు. కండక్టరు నోటు కూడా నగరంలో అరుదవుతున్నది. ఇందులో తప్పు పట్టవలసింది లేదు. చిల్లర లేక అవస్థ పడినవారికి ఇది ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. అయితే, స్థలాల ధరలు పెరిగి, పెద్దల వృత్తిలోకి పిల్లలు రాక, ఒక్కొక్క ఇరానీ హోటలూ మూతపడుతున్నప్పుడు ‘వన్ బై టూ’ అన్న మాట కూడా వాటితోపాటు తలుపులు వేసుకుంటున్నది. ఆ నలుగురు కూర్చున్న హోటలు చోట ఇప్పుడు మందుల దుకాణం ఉంది.

అలా ఉండగా ఒకనాటి రాత్రి, పది గంటల వేళ, యువకుడి ఫోను చిన్నగా మోగింది. ఖాతాలో పదిహేను వందల రూపాయలు పడ్డాయి. పంపింది ఆదిలాబాదు మిత్రుడు. కింద రెండే మాటలు: పరీక్ష ఫీజు.

ఈ కొత్త విధానంలో ఒక విశేషముంది. చేతికి ఇచ్చే డబ్బునైతే వద్దని తోసివేయవచ్చు, జేబులో కుక్కితే తీసి పారవేయవచ్చు, గల్లా ముందు పెనుగులాడవచ్చు. ఫోనులో వచ్చే డబ్బు అడిగి రాదు. వచ్చిందని తెలిసేసరికే అది మన ఖాతాలో ఉంటుంది. యువకుడికి కోపం వచ్చింది. తొమ్మిది వందలకు పదిహేను వందలు! పదకొండేళ్లకు వడ్డీ కట్టాడన్నమాట. తన దగ్గరున్న విలువైన వస్తువును ఎవరో వెల కట్టి కొనుక్కుపోయినట్టు అనిపించింది. బెంగుళూరుకు ఫోను చేస్తే, అమ్మాయికి కూడా వచ్చిందట. ఆమె కోప్పడలేదు. “తీసుకో. వాడు ఎన్నాళ్లు మోశాడో” అన్నది.

ఆ మాట అతడికి రెండు రోజులు మింగుడు పడలేదు. మూడో రోజు రాత్రి తానే ఫోను చేశాడు. ఇద్దరూ మాట్లాడుకుని మూడేళ్లకు పైనే అయింది. పండుగ శుభాకాంక్షల బొమ్మలు పంపుకోవడమే తప్ప గొంతులు వినలేదు.

“పైసలు ఎందుకు పంపినవ్ రా? నేనెప్పుడన్న అడిగిన్నా?”

“అడగలే. అందుకే పంపిన.”

“అది బాకీ అనుకున్ననా నేను? అది మన ముచ్చట రా. ఎంతమందికి చెప్పుకున్ననో తెలుసా?”

అవతల కొంతసేపు మాట లేదు. ఆ తర్వాత అతడు చెప్పినది కోపంగా చెప్పలేదు.

“అరే, నీకది యాది. నాకది బాకీ. నువ్వు నలుగురిలో చెప్పినప్పుడల్లా నేను ఫీజు కట్టలేనోన్ని అయిత. మొన్న మా కాలేజీల ఒక పిల్లగాడు ఫీజు కట్టక పెట్టె సదురుకున్నడు. నేను కట్టిన. కట్టినంక యాదికొచ్చింది - నాదింకా తీరనే లేదని. గదీ సంగతి.”

పదకొండేళ్లుగా తాను చూస్తూ వచ్చింది బల్లకు ఒక వైపు నుంచే అని యువకుడికి అప్పుడు అర్థమయింది. అరటిపండ్లు తిన్న నెల తనకు వినోదం. ఆ నెలంతా తన ఎదుట కూర్చుని అరకప్పు తాగిన మనిషికి ఆ చాయ్ ఎలా దిగిందో అతడు ఏనాడూ ఆలోచించలేదు. గడి గీసి లెక్క రాయాలని చూసిన అమ్మాయికే బహుశా ఆనాడే కొంత తెలుసు. లెక్క లేకపోవడం లెక్క కట్టగలిగినవారికి ఉన్నంత హాయిగా, కట్టలేనివారికి ఉండదు.

“సరే, ఫీజు ముట్టింది” అన్నాడు యువకుడు, కొంతసేపటికి.

“ముట్టిందిగా. ఇగ ఆ కథ చెప్పకు.”

“చెప్ప. మరి ఎక్కువ పంపిన ఆరు వందలు?”

“అవి వడ్డి కావు. చాయ్‌లయి.”

“చాయ్‌ల లెక్క నీది కాదు, నాది. చివరిరోజు నాలుగు ఫుల్ చాయ్‌లకు పైసలిచ్చింది నువ్వే.”

“నేను కాదు, శ్రీకాకుళపోడు.”

“వాడి దగ్గర ఆనాడు వంద నోటుండె, సేటు చిల్లర లేదన్నడు. నువ్వే ఇచ్చినవ్.”

ఈ వివాదం గంటకు పైగా సాగింది. మధ్యలో డల్లాసును కూడా ఫోనులోకి పిలిచారు. అక్కడ అప్పుడు తెల్లవారి పది కావస్తున్నది. శ్రీకాకుళం యువకుడు కార్యాలయంలో గొంతు తగ్గించి, ఆ నాలుగు చాయ్‌లకు డబ్బు ఇచ్చింది ఎవరో తనకు నిశ్చయంగా తెలుసునని, బర్కత్‌పురా అమ్మాయే ఇచ్చిందని సాక్ష్యం చెప్పాడు. ఆమెకు అప్పటికే నిద్రపట్టి ఉంటుందని ఎవరూ ఫోను చేయలేదు. మరునాడు ఆమెను అడిగితే, తనకు బాగా గుర్తున్నదని, ఆ రోజు ఎవరూ ఇవ్వలేదని, సేటే పుచ్చుకోలేదని చెప్పింది.

దసరా సెలవుల్లో ఆదిలాబాదు మిత్రుడు కాగజ్‌నగర్‌లో రైలెక్కి సికింద్రాబాదులో దిగుతాడు. అక్కడి నుంచి లోకల్ రైలులో సీతాఫల్‌మండి తర్వాత వచ్చేది ఆర్ట్స్ కాలేజి. ఆ స్టేషనులో కలుసుకుని, తార్నాక వైపు ఇంకా తెరిచి ఉన్న ఇరానీ హోటలేదైనా ఉంటే వెతకాలని ఒప్పందం కుదిరింది. ఆరు వందల సంగతి మాత్రం తేలలేదు. చాయ్‌కు డబ్బు ఎవరివ్వాలన్నదీ తేలలేదు.